కాలేజీలో జరిగిన రాక్ కచేరీ పాత క్యాసెట్‌ను పాడవకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీ నాన్నగారు 1980ల చివర్లో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవానికి ఒక రాక్ బ్యాండ్ వచ్చింది. అప్పటికి వాళ్లెవరో పెద్దగా ఎవరికీ తెలియదు, తర్వాత దేశమంతా పేరు మోగింది. హాస్టల్ మిత్రుడి టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసిన ఆ రాత్రి క్యాసెట్ ఇప్పుడు హనుమకొండ ఇంట్లో బయటపడింది. పాత బ్యాచ్ కలుసుకునే రోజు దాన్ని అందరికీ వినిపించాలి. ఇంట్లోని పాత టేప్‌రికార్డర్‌లో వేసి ఫోన్‌తో రికార్డు చేస్తే సరిపోతుందా?

సరిపోదు. ముందసలు ఆ క్యాసెట్‌ను ఎందులోనూ వేయకండి. ముప్పై ఏళ్లకు పైగా కదలని టేపుకు మొదటిసారి తిరిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. మంచి డెక్ (క్యాసెట్ ఆడించే యంత్రం), దాని లైన్ అవుట్ (శబ్దం బయటికి వచ్చే సాకెట్) నుంచి ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (ఆ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె), 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు (కుదించని ధ్వని ఫైలు), ఈ మూడూ ఉంటే ఇంట్లోనే చక్కగా చేసుకోవచ్చు. కానీ పనిలో ముప్పాతిక వంతు ప్లే బటన్ నొక్కకముందే ఉంటుంది. అక్కడ తొందరపడి పాడుచేసుకున్నదాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

మొట్టమొదట క్యాసెట్ వెనుక అంచున, అంటే టేపు కనిపించే వైపుకు ఎదురుగా, రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు చూడండి. ఇంకా ఉంటే రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. అవి ఉన్నంతకాలం ఎవరి చెయ్యైనా పొరపాటున రికార్డ్ బటన్ మీద పడితే ఆ కచేరీ మీద మీ హాలు చప్పుడు ఎక్కిపోతుంది. పదినిమిషాల క్రితమే దొరికిన క్యాసెట్ అయినా సరే, ఈ పని ముందు చేసి మిగతావి తర్వాత చూడండి.

ఆ తర్వాత క్యాసెట్ మీది కిటికీ లోంచి టేపు చుట్టను టార్చిలైటు వెలుగులో చూడండి. నల్లగానో గోధుమరంగుగానో నున్నగా మెరవాలి. అంచుల్లో తెల్లటి పొడిలాంటి మచ్చలు కనిపిస్తే అది బూజు. మనవైపు వానాకాలం తేమ, సజ్జ మీద అట్టపెట్టె, ఈ రెండూ కలిస్తే చాలు. బూజు పట్టిన క్యాసెట్ వేస్తే టేపు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని చిరిగే ప్రమాదం ఉంది. పైగా ఆ బూజు డెక్‌లో చేరి తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గింజలు వంద గ్రాములు పోసి, క్యాసెట్‌ను వారం రోజులు అందులో ఉంచండి. నీలం గింజలు గులాబీరంగుకు మారితే జెల్ మార్చాలి. ఎండలో మాత్రం పెట్టకండి. వరంగల్ మే నెల ఎండకు షెల్, అంటే క్యాసెట్ ప్లాస్టిక్ పెట్టె, వంకరపోతుంది. ఎండాక బాల్కనీలో మాస్కు పెట్టుకుని, మెత్తని పొడిగుడ్డతో చుట్ట అంచును తుడవాలి. ఇందుకు షెల్ విప్పాల్సి ఉంటుంది.

ఓవెన్‌లో వేడిచేయమనే సలహా ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది. అది 1970లు, 80ల నాటి కొన్ని రీల్ టేపుల్లో జిగురు పొర తేమ పీల్చి బంకలాగా మారినప్పుడు చేసే చికిత్స. క్యాసెట్ టేపుల్లో ఆ జబ్బు అరుదు. మీరు ఆ జోలికి పోవద్దు.

షెల్ సంగతి. ఆనాటి షెల్లు రెండు రకాలు: అయిదు స్క్రూలతో బిగించినవి, ప్లాస్టిక్‌ను కరిగించి అతికించినవి. ముందుభాగంలో టేపు వెనకాల సన్నని రాగిరంగు పట్టీ, దాని మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటాయి. టేపును హెడ్‌కు, అంటే డెక్‌లో టేపును చదివే భాగానికి, నొక్కిపట్టేది ఆ ముక్కే. జిగురు ఎండిపోయి అది ఊడిపోవడం ఈ వయసు క్యాసెట్లలో చాలా సాధారణం. ఊడిపోతే ధ్వని మందగించి, అలలు అలలుగా వచ్చిపోతుంది. వినేవాళ్లు టేపే పాడైందనుకుంటారు. నిజానికి టేపు నిక్షేపంగా ఉంటుంది. అలాంటప్పుడు అయిదు స్క్రూల ఖాళీ క్యాసెట్ ఒకటి తీసుకుని, దాని టేపు తీసేసి, మీ టేపు చుట్టలను ఆ షెల్‌లోకి మార్చండి. పాత షెల్‌ను, దాని లేబుల్‌ను పారేయకండి. చుట్టలను పట్టుకునేటప్పుడు కాటన్ గ్లవ్స్ వేసుకోండి. విప్పే ముందు ఫొటో తీసుకోండి. టేపు ఏ రోలర్ చుట్టూ ఎలా వెళ్తోందో, చుట్టకు పైనా కిందా ఉండే పల్చని షీట్లు ఏ వైపుకు ఉన్నాయో ఆ ఫొటోయే చెబుతుంది. అతికించిన షెల్ అయితే అతుకు వెంట పల్చని బ్లేడుతో కొంచెం కొంచెంగా తెరవాలి. చెయ్యి తిరగనివాళ్లు ముందు ఏదైనా పనికిరాని క్యాసెట్ మీద ప్రయత్నించి చూడాలి.

టేపు తెగి ఉంటే సెల్లో టేపు వాడొద్దు. దాని జిగురు పక్కకు కారి పక్క చుట్టలకు అంటుతుంది, తర్వాత హెడ్‌కూ అంటుతుంది. క్యాసెట్‌లోని టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. ఆ కొలతలో దొరికే స్ప్లైసింగ్ టేపునే (తెగిన టేపును అతికించే ప్రత్యేక పట్టీ), మెరిసే వెనుకవైపు అంటించాలి.

ఇదంతా అయ్యాక ఆరు పలకల పెన్సిల్‌ను చక్రంలో పెట్టి చేత్తో రెండు మూడు చుట్లు తిప్పండి. సాఫీగా కదిలితే డెక్‌లో వేసి ఆ చివరి దాకా ఫాస్ట్ ఫార్వర్డ్, మళ్లీ వెనక్కి రివైండ్ ఒక్కసారి చేయాలి. ఏళ్ల తరబడి ఒకే బిగువులో ఉన్న చుట్ట సర్దుకుంటుంది. సీ-60, అంటే అరవై నిమిషాల క్యాసెట్, టేపు మందంగా ఉంటుంది, భయం తక్కువ. సీ-90 పల్చన, సుమారు 12 మైక్రాన్లే. సీ-120 అయితే ఇంకా పల్చన కాబట్టి దానికి ఫాస్ట్ ఫార్వర్డ్ కూడా వద్దు, మామూలు వేగంతోనే ఆడించాలి.

డెక్. కరీంనగర్, జగిత్యాల వైపు గల్ఫ్ నుంచి వచ్చిన టూ-ఇన్-వన్‌లు ఇప్పటికీ చాలా ఇళ్లలో షోకేసుల్లో ఉన్నాయి. వాటిని ఈ పనికి వాడొద్దు. లోపలి రబ్బరు బెల్టులు సాగిపోయో, తారులా కరిగిపోయో ఉంటాయి. సౌదీ నుంచి వచ్చిన కొన్నింటికి వెనుక వోల్టేజీ స్విచ్ ఉంటుంది. అది 110 లేదా 127 మీద ఉండగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. నేరుగా యూఎస్‌బీతో వచ్చే చవక వాక్‌మన్‌లు కూడా వద్దు. వాటి మోటారు వేగం నిలకడగా ఉండదు, గిటారు సుదీర్ఘంగా మోగే చోటల్లా స్వరం వణుకుతుంది. కావలసింది పూర్తి పరిమాణపు స్టీరియో డెక్, కొత్త బెల్టులు వేసినది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల అడిగితే బాగుచేసేవాళ్లు దొరుకుతారు. కొనేకంటే తెలిసినవాళ్ల దగ్గర వారంపాటు అడిగి తెచ్చుకోవడం మేలు.

డెక్ తెచ్చుకున్నాక హెడ్‌ను, దాని పక్కన తిరిగే సన్నని ఇనుప కడ్డీని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో శుభ్రం చేయండి. శానిటైజర్లు, 70 శాతం స్పిరిట్ పనికిరావు, నీళ్లు ఎక్కువ. నల్ల రబ్బరు రోలర్‌ను కొద్దిగా సబ్బునీళ్లు తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. దూది పుల్లకు గోధుమరంగు రావడం ఆగేదాకా తుడవాలి. ప్రతి వైపు ఆడించిన తర్వాత మళ్లీ ఒకసారి.

అజిముత్, అంటే టేపు మీద హెడ్ ఉండే వంపు. అన్నిటికంటే ముఖ్యమైనదీ, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. హెడ్ మీద కంటికి కనిపించని సన్నని చీలిక ఉంటుంది. అది టేపుకు సరిగ్గా లంబంగా ఉండాలి. రికార్డు చేసిన టూ-ఇన్-వన్ హెడ్ కాస్త వంగి ఉంటే, టేపు మీద శబ్దం కూడా అదే వంపులో పడుతుంది. తిన్నగా ఉన్న మీ డెక్ హెడ్‌కు ఆ వంపు కుదరదు. క్యాసెట్ వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. అంటే 10 కిలోహెర్ట్జ్ శబ్దపు ఒక్కో అల టేపు మీద 4.76 మైక్రాన్ల పొడవే. అంత చిన్న అలను చదివేటప్పుడు కంటికి అందని వంపు కూడా సింబల్స్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లేలు) మెరుపును, గిటారు తీగ మీటిన పదును మొత్తం మింగేస్తుంది. పాత క్యాసెట్లన్నీ దుప్పటి కప్పినట్టు వినిపించడానికి వయసు కంటే ఇదే పెద్ద కారణం.

సరిచేసే పద్ధతి కష్టమేం కాదు. హెడ్‌కు ఒక పక్క స్ప్రింగ్ ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది, దాని మీద తరచూ ఎర్ర పెయింటు చుక్క ఉంటుంది. ముందు మార్కర్‌తో దాని అసలు స్థానం గుర్తు పెట్టుకోండి. టేపు ఆడుతుండగా, ఎడమ కుడి చానళ్లను మోనోగా కలిపి హెడ్‌ఫోన్‌లో వింటూ, స్క్రూను ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు తిప్పండి. సింబల్స్, చప్పట్లు, టేపు సహజమైన సుయ్యిమనే చప్పుడు, ఇవి ఎక్కడ అత్యంత పదునుగా వినిపిస్తాయో అక్కడ ఆపాలి. మోనోలో వినమనడానికి కారణం ఉంది. రెండు చానళ్ల మధ్య సూక్ష్మమైన కాలభేదం ఉంటే, కలిపినప్పుడు ఎత్తు స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. ఏ వైపుకు పరీక్షించాలన్నా పాట మధ్య ఒక్క నిమిషం చాలు. బీ వైపు తిప్పినప్పుడు మళ్లీ మొదటినుంచి సరిచేయాలి, షెల్ తిరగబడితే వంపు మారుతుంది. పని ముగిశాక స్క్రూను పాత గుర్తుకు తెచ్చి డెక్ తిరిగి ఇవ్వండి.

టూ-ఇన్-వన్‌లో అంతర్గత మైకుతో రికార్డు చేశారంటే చాలావరకు డాల్బీ (టేపు చప్పుడును తగ్గించే పద్ధతి) లేదు. కవరు మీద డాల్బీ బి అనో సి అనో రాసి లేకపోతే ఆ స్విచ్‌ను ఆఫ్‌లోనే ఉంచండి. టేపు రకం కూడా చూడండి: సోనీ హెచ్‌ఎఫ్, టీడీకే డి వంటివి టైప్ 1, అంటే మామూలు ఫెర్రిక్. డెక్ మీద క్రోమ్ సెట్టింగ్ ఉంటే వీటికి అది వద్దు.

ఎక్కించడం. డెక్ లైన్ అవుట్ నుంచి ఆర్‌సీఏ కేబుల్‌తో ఆడియో ఇంటర్‌ఫేస్‌కు. హెడ్‌ఫోన్ జాక్ నుంచి కాదు, ల్యాప్‌టాప్ మైక్ జాక్‌లోకి అసలే కాదు. అది మోనో, పైగా స్థాయిని తనంతట తనే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, ఛార్జరు గుంయ్ మనే చప్పుడును తెస్తుంది. ఫోన్ దూరంగా పెట్టండి. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితం, సరిపోతుంది. 96000 హెర్ట్జ్, 24 బిట్ పెట్టి, విండోస్‌లో శబ్దాన్ని మెరుగుపరిచే ఆప్షన్లన్నీ ఆపేయండి. అత్యధిక శబ్దం మైనస్ 10కి, మైనస్ 6 డెసిబెల్‌కు మధ్య ఉండేలా చూసుకోండి. స్థాయిని పాటతో కొలవకండి, పాట ముగిశాక మైకు పక్కనే పడే ఈలలతో కొలవండి. కాలేజీ రికార్డింగుల్లో అన్నిటికంటే బిగ్గరగా ఉండేవి అవే. గంట రికార్డింగుకు దాదాపు 2 జీబీ, తొంభై నిమిషాలకు 3 జీబీ పైచిలుకు అవుతుంది. ప్లే కంటే ముందు రికార్డు మొదలుపెట్టి, వైపు పూర్తయ్యేదాకా ఆపకండి. పాటల మధ్య మాటలు అస్సలు కత్తిరించకండి.

ఈ ముడి ఫైలును మళ్లీ ముట్టుకోకూడదు. కాపీ తీసి, ఆ కాపీ మీదే మిగతా పని.

వేగం. బ్యాటరీల మీద నడిచిన రికార్డరుకు కచేరీ సాగేకొద్దీ శక్తి తగ్గుతుంది, టేపు నెమ్మదిస్తుంది. ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే వైపు చివరికి వచ్చేసరికి పాటలు పరుగెత్తుతాయి, గొంతులు సన్నబడతాయి. దీన్ని సరిచేయడానికి ఒక కొలబద్ద కావాలి. కరెంటు హమ్ (రికార్డింగులో పడే కరెంటు గుంయ్ శబ్దం) 50 హెర్ట్జ్ ఉంటుంది కాబట్టి దాన్ని చూసి సరిచేయమని విదేశీ వ్యాసాల్లో ఉంటుంది. మన దగ్గర దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్ తరచూ 50కి కిందే, 48, 49 దగ్గర నడిచేది. అసలు 48.5 ఉన్నదాన్ని 50 అనుకుని సరిచేస్తే మూడు శాతం తేడా, అంటే దాదాపు పావు స్వరం. జనరేటర్ మీద నడిచిన కచేరీ అయితే లైట్లు వేసినప్పుడల్లా అదీ ఊగుతుంది.

నమ్మదగినది కీబోర్డు. ఎలక్ట్రానిక్ కీబోర్డుల్లో ఎ (A) స్వరం ఫ్యాక్టరీ నుంచే 440 హెర్ట్జ్‌కు స్థిరంగా వస్తుంది. కీబోర్డు ఒంటరిగా ఎ స్వరం పట్టిన చోటు వెతికి, ఆడాసిటీలో స్పెక్ట్రమ్ చూడండి. 453 చూపిస్తే టేపు దాదాపు మూడు శాతం వేగంగా ఉంది. 440ని 453తో భాగిస్తే 0.971, అంటే వేగాన్ని 2.87 శాతం తగ్గించాలి. స్వరం ఒక్కటే మార్చే ఆప్షన్ కాదు, వేగమూ స్వరమూ కలిసి మారేది వాడండి. బ్యాటరీ దిగిపోయిన టేపు అయితే ఒక్కో పాటకూ విడిగా చేయాలి. కీబోర్డు లేని బ్యాండ్ అయితే, వాళ్లు ఆ రాత్రి వాయించిన వేరేవాళ్ల ప్రసిద్ధ పాట అసలు రికార్డుతో పోల్చవచ్చు. కానీ గిటారిస్టులు కొందరు అర స్వరం కిందకు శ్రుతి చేసుకుంటారు, అది గుర్తుంచుకోవాలి.

శుభ్రం చేయడంలో చెయ్యి ఎంత బిగబడితే అంత మంచిది. 40 హెర్ట్జ్ కింద ఉన్న గుడగుడ తీసేయండి. హమ్ ఉన్న స్థానంలోనూ, దాని రెండు, మూడు రెట్ల దగ్గరా సన్నని నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క స్థానాన్నే తగ్గించేది) వేయండి. నాయిస్ రిడక్షన్ (చప్పుడు తగ్గించే ఆప్షన్) 6 డెసిబెల్ దాటనివ్వకండి. 20 పెడితే మొదట ఆహా అనిపిస్తుంది, కాసేపటికి చప్పట్లు నీళ్లలోంచి వస్తున్నట్టు మారిపోతాయి. ద హూ బ్యాండ్ 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయం భోజనశాలలో చేసిన కచేరీ, ‘లైవ్ ఎట్ లీడ్స్’గా వచ్చిన రికార్డు, మొదటిసారి విడుదలైనప్పుడు లేబుల్ మీదే రాశారు: చిటపటలు ఉండేవే, సరిచేయవద్దు అని. తర్వాతి ముద్రణల్లో ఆ చిటపటలను తొలగించారు. కానీ ఆ పని అసలు టేపు భద్రంగా ఉండబట్టే సాధ్యమైంది. మీ ముడి ఫైలు కూడా అంతే భద్రంగా ఉండాలి.

డ్రమ్ము గట్టిగా పడ్డ వెంటనే మొత్తం శబ్దం కుంగి మళ్లీ మెల్లగా లేస్తుంటే, అది ఆ టూ-ఇన్-వన్‌లో శబ్దస్థాయిని తనంతట తనే సర్దే ఆటోమేటిక్ లెవెల్ పని. దాన్ని పూర్తిగా విప్పడం ఎవరివల్లా కాదు. మైకు భరించలేక పగిలిన శబ్దమూ అంతే. వీటితో కుస్తీ పట్టి ఉన్న సహజత్వాన్ని పోగొట్టుకోవద్దు.

మరొక క్యాసెట్ ఎవరి దగ్గరైనా ఉందేమో బ్యాచ్‌లో అడగండి. ముఖ్యంగా మిక్సర్ (మైకులన్నిటి శబ్దాన్ని కలిపి స్పీకర్లకు పంపే యంత్రం) నుంచి నేరుగా తీసినది. ఒక విషయం ముందే చెప్పాలి: మిక్సర్ టేపులో గొంతు పెద్దగా, డ్రమ్స్ ఎక్కడో దూరంగా ఉంటాయి. అది లోపం కాదు. చిన్న హాల్లో డ్రమ్స్, గిటారు ఆంప్లిఫయర్లు వాటంతటవే వినిపిస్తాయి కాబట్టి స్పీకర్లలోకి వాటిని పెద్దగా పంపరు. ప్రేక్షకుల్లోంచి తీసిన టేపులో అవే ముందుంటాయి. రెండూ దొరికితే కలిపి మంచి రికార్డు తయారు చేయవచ్చు, అయితే రెండు యంత్రాల వేగాలు వేరు కాబట్టి ప్రతి రెండు మూడు నిమిషాలకూ డ్రమ్ దెబ్బను చూసి సరిపోల్చుకుంటూ రావాలి.

ఇలాంటివి ఎవరికి కావాలని అనిపిస్తే ఒక్క ఉదాహరణ: బీటిల్స్ 1963 ఏప్రిల్ 4న ఇంగ్లండ్‌లోని స్టో పాఠశాలలో వాయించినప్పుడు పదిహేనేళ్ల విద్యార్థి ఒకడు రీల్ మీద రికార్డు చేశాడు. దాదాపు గంట నిడివి ఉన్న ఆ టేపు సంగతి లోకానికి 2023లో గానీ తెలియలేదు. అది వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చిన రెండు వారాలకు జరిగిన కచేరీ.

బ్యాచ్ కలిసే రోజు క్యాసెట్ తీసుకెళ్లకండి, వినడానికి తయారు చేసిన ఫైలు చాలు. వినిపించేటప్పుడు పక్కన ఒక ఫోన్‌లో వాళ్ల మాటలు రికార్డు చేయండి. ఏ పాట ఎవరిది, మధ్యలో కరెంటు పోయిందా, స్టేజీ మీద మాట్లాడింది ఎవరు, ఇవి ఇప్పుడే రాసుకోవాలి. తేదీ మీద వాదన వస్తే జ్ఞాపకాల కంటే టేపునే అడగండి: వాయించిన పాట ఏ సంవత్సరంలో విడుదలైందో చూస్తే, కచేరీ దానికంటే ముందు జరిగే అవకాశం లేదు. ప్రకటనల్లో ప్రిన్సిపాల్ పేరో, ముఖ్య అతిథి పేరో వినిపిస్తే ఇంకా దగ్గరికి వస్తాం.

యూట్యూబ్‌లో పెట్టే ముందు బ్యాండ్ అనుమతి అడగండి. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ కళాకారుల ప్రదర్శన మీద వాళ్లకు 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. వాయించిన పాటల రచయితల హక్కు వేరు. చాలా బ్యాండ్లు ఇలాంటి తొలినాళ్ల టేపు అంటే ఆనందంగా స్పందిస్తాయి, ముడి ఫైలు కాపీ పంపుతామంటే మరీను.

ఫైలు మూడు చోట్ల ఉండాలి: ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, వేరే ఊళ్లో బంధువుల దగ్గర, క్లౌడ్‌లో. క్యాసెట్‌ను చివరిదాకా మామూలు వేగంతో ఆడించి, రివైండ్ చేయకుండా, పెట్టెలో నిలువుగా, సిలికా జెల్ సంచితో పాటు బీరువా మధ్య అరలో పెట్టండి. సజ్జ మీద వద్దు, స్లాబు వేడి నేరుగా అక్కడికే దిగుతుంది. స్పీకర్ల పక్కన కూడా వద్దు, వాటిలో అయస్కాంతాలు ఉంటాయి.

ముందు షెల్‌కు స్క్రూలు ఉన్నాయా, ఫెల్ట్ ముక్క ఉందా, కిటికీలో తెల్లమచ్చలు ఉన్నాయా చూసి, రెండు వైపులా దగ్గరి నుంచి తీసిన ఫొటోలు ఇక్కడే పెట్టండి. విప్పాలో వద్దో అవి చూసి చెబుతాను.